మా పొట్టావుకు జత దొరకని దినం

వడమాలపేట పక్క మా అత్తగారింట్లో పుంగనూరు ఆవు ఉండేది. నా నడుముకు మించని ఎత్తు. కాస్త మేతకే నిండు చెంబు పాలిచ్చేది. మగదూడ పుడితే మాత్రం పాలు మరవంగానే అమ్మేసేవాళ్లం. దున్నేదానికి ట్రాక్టరు ఉండాది, కోడెను మేపి ఏం చేసుకుంటాం? ప్రతి ఇంట్లోనూ ఇదే మాట అనుకున్నారు. పక్కింట్లో ఉంటాదిలే అని అందరూ అమ్మేసినారు. ఆఖరికి మూడూర్లకు కలిపి ఒక్క పుంగనూరు కోడె మిగిలింది. అదీ మా ఆవుకు తమ్ముడే.

వేరే దారి లేక దానితోనే దాటించినాము. దూడ గుడ్డిదిగా పుట్టి ఎనిమిదో దినం పోయింది.

పశువుల డాక్టరు చెప్పినాడు. "ప్రతి జీవిలోనూ ఏదో ఒక లోపం దాగుంటాదమ్మా. వేరే రక్తం కలిస్తే అణిగి ఉంటాది. అక్కలోనూ తమ్ముడిలోనూ అదే ఉంటే దూడలో బయటపడతాది. మంద చిన్నదయ్యే కొద్దీ ఇట్లాంటివి ఎక్కువ."

మా అత్త ఊరుకోలేదు. "మేమూ మేనరికాలే చేసుకున్నాం గదప్పా, మాకేం కండ్లు పోయినాయా?"

"పోలేదు గాబట్టే నన్ను గుడ్లురిమి సూస్తా ఉండావు, అవ్వా."

కోడె లేకుండానే చూలు కట్టించే పుంగనూరు వీర్యం సూది తెప్పిస్తానన్నాడు డాక్టరు. రెండుసార్లూ అది వచ్చేలోపే ఎద పోయింది. మూడోసారి ఎదకొచ్చిన పొద్దే ఆస్పత్రికి తోలుకుపోయినాను.

"ఈడ జెర్సీ సూదే ఉండాదమ్మా. ఆవుకు ఈడు మీరింది, ఇది తప్పితే మళ్లీ చూలు కట్టేది అనుమానమే."

పగ్గం చేతికి చుట్టుకున్నాను. తమ్ముడి దగ్గరికి తోలితే మళ్లీ గుడ్డి దూడేమో. సూదికి ఒప్పుకుంటే ఈ జాతి మా ఇంట్లో దీంతోనే ఆఖరు. ఆవు నెమరేస్తా నా పక్కే నిలబడి ఉండాది. సరే అన్నాను.

కష్టపడి ఈనింది. పెయ్య, కండ్లు బాగుండాయి. ఆరునెలలకే తల్లిని మించిపోయింది. పాలు తాగాలంటే ముందుకాళ్లు మడిచి వంగాల. పిల్లలు నవ్వినారు. మా అత్త నవ్వలేదు.

డాక్టరు వచ్చినప్పుడు అడిగినాను, దీని దూడలు మళ్లా పొట్టిగా వస్తాయా అని.

"తల్లిది సగం దీంట్లో ఉండాది గదా. ప్రతిసారీ పొట్టి కోడెతోనే దాటిస్తా పోతే, నాలుగైదు తరాలకు దగ్గరికి రావచ్చు."

ఆ ఒక్క కోడెనూ ముందు నెలే సంతకు తోలేసినారని నేను చెప్పలేదు.

"నాలుగైదు తరాలా?" అనింది మా అత్త. పాలచెంబు కడగను పోయింది.