పెరటి వెనక పొలిమేర

ఈ ఏడు మే నెల మొదటి శనివారం, పొద్దున పదింబావుకి మా అల్లుడి రాజ్యం నలభై అడుగులు తగ్గింది.

అమెరికాలో మేముండే షాంటిలీలో మా పెరటికీ వెనకింటి పెరటికీ నడుమ చెట్ల పట్టీ ఒకటి ఉంది. తీగలూ ముళ్లూ అల్లుకుని అవతలి మనిషి కనబడడు. ఆరేళ్లుగా అల్లుడూ వెనకింటాయనా తగవు పడలేదు. ఎదురుపడితే కదా. ఆ పట్టీలో ఎండ తగిలే చోట చక్రవర్తి కూర మొలుస్తుంది. ఇక్కడివాళ్లు కలుపంటారు, నేను పప్పులో వేస్తాను.

ఈ వసంతంలో ఇద్దరికీ ఆ చెట్లు తమవేనని ఒకేసారి తోచింది. ఈయన కొట్టించి డెక్, అదే చెక్క అరుగు, వేయిస్తానన్నాడు, ఆయన కొట్టించి కంచె కట్టిస్తానన్నాడు. ఎవరు గెలిచినా నా కూర పోయినట్టే. చివరికి సర్వేయరుని పిలిచారు.

అతను వచ్చేలోపు మనవరాలు వంటింటి బల్ల మీద బడి ప్రాజెక్టు పరిచింది. పూర్వపు రాజ్యాల పటం. రెండు రాజ్యాల మధ్య మందంగా ఆకుపచ్చ రంగు పూస్తోంది.

"బోర్డర్ లైన్ ఏదమ్మా?" అన్నాడు అల్లుడు.

"లైన్ లేదు డాడీ. ఫారెస్టే బోర్డర్. ఆర్మీ రాకుండా కింగ్స్ దాన్ని కట్ చేయనివ్వరు."

"ఆ రాజులకి నీకంటే బుద్ధుంది నాయనా," అన్నాను.

"అత్తయ్యగారూ, ఇది ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ. ఇక్కడ ప్రతి ఇంచీ మ్యాప్‌లో ఉంటుంది."

ఉంది. సర్వేయరు కొలిచి, చెట్లకి మావైపు ఒక వరస, అటువైపు ఒక వరస మేకులు పాతాడు. నడుమ నలభై అడుగులూ కాలనీ అసోసియేషన్‌దట. కొమ్మ విరిచినా జరిమానా అట. మనవరాలు తెలుగులో చెప్పింది, నవ్వు ఆపుకుంటూ. అల్లుడూ వెనకింటాయనా ఆరేళ్లలో మొదటిసారి పక్కపక్కన నిలబడి అసోసియేషన్‌ని తిట్టారు. ఇప్పుడు స్నేహితులు.

తరవాతి వారం చెట్టుకి బోర్డు కొట్టారు, లోపల ఏదీ కోయరాదని. అది ఇంగ్లీషులో ఉంది. నేను అరవై ఆరో ఏట మనవరాలి ఆదివారం క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని నేర్చుకున్నవి తెలుగు అక్షరాలే. కనక కోస్తూనే ఉన్నాను. ఆ పప్పు అల్లుడు రెండోసారి వడ్డించుకుంటాడు.

మేకులు పాతిన ఆ శనివారం పొద్దున అక్కడ ఉన్నది అల్లుడు, వెనకింటాయన, సర్వేయరు, చేతులనిండా ఆకుపచ్చ రంగుతో మనవరాలు, ఒడినిండా కూరతో నేను. మా అమ్మాయి ఇండియన్ స్టోర్‌కి వెళ్లింది, పాలకూర తేవడానికి.