ఓడిన ఆటలు

ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజుల్లో, సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసులో, ఆ దేశపు మహిళల ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌ల వివరాలతో ఒక వెబ్‌సైట్ తయారుచేశాను. పేజీ నిండా ఓటములే ఉంటే బాగుండదని గెలిచినవి మాత్రమే ఉంచి, మిగతావి తీసేశాను.

ఆ సాయంత్రం బస్సులో ఈ సంగతే ఫోన్‌లో స్నేహితుడికి గొప్పగా చెప్పాను. కూరగాయల సంచీతో పక్కన కూర్చున్న పెద్దావిడ, నేను ఫోన్ పెట్టేదాకా ఆగి తెలుగులో పలకరించింది.

"మా తాత వైజాగ్ నుంచి వచ్చాడు తమ్ముడూ. నువ్వు చెప్పిన ఆ టీంకి నేనూ ఆడాను. గోల్‌కీపర్‌ని."

"అలాగా ఆంటీ! అయితే మీ మ్యాచ్‌లు మా సైట్‌లో ఉంటాయి."

"ఎలా ఉంటాయి? నేను ఆడినవన్నీ ఓడిపోయాం లా!" అని, చివర సింగపూర్ వాళ్ల "లా" తగిలించి గట్టిగా నవ్వింది. "ఓడినవి తీసేశానని ఇప్పుడేగా చెప్పావు. అంటే నేను ఆడనట్టేనా?"

ఆవిడ వంకరపోయిన చిటికెన వేలు చూపించింది.

"బంతిని ఆపబోతే విరిగింది. ఆ బంతి మాత్రం లోపలికి పోలేదు. నేను ఆడానంటే మనవరాలు నమ్మదు. నువ్వు సైట్ సంగతి ఎత్తగానే, అందులో చూపిద్దామనుకున్నా."

సెరంగూన్ రోడ్డులో దిగుతూ, "పర్లేదులే, పేజీ నీట్‌గా ఉంది కదా" అంది.

మర్నాడు ఆ ఓటములన్నీ తిరిగి పెట్టాలనుకున్నాను. కొత్త ప్రాజెక్టు ఇచ్చారు, అందులో పడిపోయాను. ఇప్పుడు ఆ సైటే లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ జట్టు చాలా ఆటలు ఓడింది. వాటిలో కొన్నింటికి గోల్ ముందు నిలబడింది ఆవిడ. పేరు అడగలేదు. ఒక బంతి మాత్రం లోపలికి పోలేదు.