కేంబ్రిడ్జ్‌లో పాలపిట్ట

కెనడాలో పాలపిట్టను చూశానని చెప్పిన మొదటి తెలుగువాణ్ణి నేనే. బహుశా చివరివాణ్ణి కూడా.

ఆ ఏడు మా కేంబ్రిడ్జ్‌లో ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా మన విద్యార్థులే. మా ఇంటి కింద ఇద్దరమ్మాయిలు ఉండేవారు. ఒకరిది నిజామాబాద్ దగ్గర పల్లె, ఇంకొకరిది గుంటూరు. దసరా ఇంకో వారం ఉందనగా, మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారబెట్టుకుంటూ నిజామాబాద్ అమ్మాయి దిగులుగా అంది.

"దసరా నాడు పాలపిట్టను చూడకుంట నేను ఒక్క ఏడు గూడ లేను అంకుల్. తాత నన్ను భుజాల మీద ఎక్కించుకొని చేన్లకు తీస్కపోయెటోడు. ఈసారి ఫోన్ల 'చూసినవా బిడ్డా' అంటే ఏం చెప్పాలె? తాతకు నేనెన్నడు అబద్ధం చెప్పలే."

నా నోరు ఊరుకోదు కదా. "పాలపిట్టేగా? సరస్సు దగ్గర రోజూ చూస్తుంటాను. నిరుడు నా టోపీ మీదే వాలింది" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ దగ్గింది. నలభై ఏళ్ళుగా వింటున్నాను, అది జలుబు దగ్గు కాదు.

పండగ ఆదివారం పడింది. పొద్దున్నే గుంటూరు అమ్మాయి పాత కారులో బయలుదేరాం. ఒళ్ళో పులిహోర డబ్బా, మెడలో బైనాక్యులర్స్. ఖరీదైనవని చెప్పాను గానీ, అవి మా మనవడు ఆడుకునే బొమ్మవి.

సరస్సు మీద పొగమంచు ఇంకా విడలేదు. మొద్దుల మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుంటున్నాయి. నీళ్ళంచున మనిషంత ఎత్తు బూడిదరంగు కొంగ ఒకటి నిలబడింది. సరే, నా నడుము దాకా ఉంటుంది. "అది సైబీరియా నుంచి వస్తుంది" అన్నాను. నాకేం తెలుసు? అమ్మాయిలు నోరు తెరుచుకుని వింటుంటే నాకు ఉత్సాహం ఆగలేదు. మధ్యాహ్నానికి రెండొందల రకాల పక్షులను చూపించాను. రకాలు నిజానికి పద్నాలుగు. అందులో మూడు బాతులే.

తర్వాత పొలాల దారి పట్టాం. ఎండిన మొక్కజొన్న చేలు గాలికి గలగలమంటున్నాయి. అడవి టర్కీ కోళ్ళు విడిదికి వెళ్ళే పెళ్ళివారిలా తీరిగ్గా రోడ్డు దాటాయి.

"అదిగో, నీలం!" అని గుంటూరు అమ్మాయి కేక పెట్టింది. ముగ్గురం పరుగెత్తాం. ట్రాక్టరు మీద కప్పిన పరదా అది.

మూడయింది. గట్టు మీద కూర్చుని పులిహోర తెరిచాం. నిజామాబాద్ అమ్మాయి ముద్ద చేతిలో పట్టుకునే ఆకాశం వైపు చూస్తోంది. ఎగిరే ప్రతి చుక్కకూ ఆమె మెడ తిరుగుతోంది. నేను నా ముద్ద పక్కన పెట్టాను.

"తల్లీ, నేను పాలపిట్టను చూడలేదు" అన్నాను. "ఒకసారి కారులోంచి నీలంగా ఏదో ఎగిరింది. ప్లాస్టిక్ సంచీ అయినా అయ్యుండొచ్చు."

"ఏందంకుల్ ఇది?" గుంటూరు అమ్మాయి లేచి నిలబడింది. "పొద్దుటినుంచి కాళ్ళరిగేట్టు తిప్పారు గదా!"

నిజామాబాద్ అమ్మాయి డబ్బా మూత పెట్టి, "ఇంక పొద్దు ఉన్నది గద. నడువుండ్రి" అంది.

చేను మలుపు తిరిగాం. అవతల కోత యంత్రం నడుస్తోంది. అంచునున్న ఓక్ చెట్లలో ఒక్కసారిగా గోల లేచింది, కుళాయి దగ్గర కొట్లాటలాగా. ఆ వెంటనే ఒక పిట్ట, దాని వెనక పది, ఆ వెనక మంద. రెక్కల మీద ఎండ పడితే నీలం ఎంత నీలంగా ఉండాలో అంత నీలం. ఇందులో అతిశయోక్తి లేదు, ఒట్టు.

గుంటూరు అమ్మాయి ఫోన్‌లో వెతికి, "బ్లూ జే అంట" అంది.

"నెత్తి మీద కుచ్చున్నది. పాలపిట్ట కాదు" అంటూనే నిజామాబాద్ అమ్మాయి చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది. ఎందుకో నేనూ విడిచాను. అక్టోబరు నేల, ప్రాణం జివ్వుమంది.

తిరుగుదారిలో చీకటి పడుతుండగా ఫోన్ మోగింది. అక్కడ తెల్లవారుజాము కాబోలు. నిజామాబాద్ అమ్మాయి స్పీకర్ నొక్కింది.

"చూసినవా బిడ్డా?"

"పాలపిట్ట కాదు తాతా. గసొంటిదే, నీలంది. మందకు మంద కనవడ్డయి. దానికే దండం పెట్టిన."

వెనక సీట్లో నేను చెవులు రిక్కించాను. అంతలో ముసలాయన పకపకా నవ్వాడు.

"నువ్వే నయం బిడ్డా. నీ చిన్నప్పుడు పిట్ట కనవడకపోతే, దూరంగ పొయ్యే కాకిని చూపెట్టి గదే పాలపిట్ట అంటుంటి."

"తాతా!" అమ్మాయి అరుపుకు కారు ఒక్క క్షణం వంకర తిరిగింది.

"ఒక్కసారే తియ్యి."

నేనిక ఆగలేకపోయాను. ముందుకు వంగి, "నిజం చెప్పండి పెద్దాయనా, ఎన్నిసార్లు?" అన్నాను.

"ఎవలు బిడ్డా, గాయన?"

"పాలపిట్టను చూపెడ్తా అని తీస్కొచ్చిన అంకుల్."

"ఓహో." తాత గొంతు తగ్గించాడు. "ఐదేండ్లు."