చెయ్యి వదిలిన పరుగు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి: మెడలో విజిల్ ఉన్నవాడు చెప్పిందే ఆట అని, పిల్లల ఆటల్లో అమ్మానాన్నలు తలదూర్చకూడదని. మండపేటలో బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే పిల్లల బడిలో ఆటల మేస్టారుగా చేరిన కొత్త అది. మా బడిపిల్ల చంటమ్మ పేరుకే చంటి, వయసు పద్నాలుగు. అంగ వేస్తే బారెడు. కానీ వాళ్లమ్మ చెయ్యి లేకుండా అడుగు కదిపేది కాదు. ఆవిడ రైసుమిల్లులో నూకలు చెరిగే పనికి వెళ్తూ, కూతుర్ని చేత్తో పట్టుకొచ్చి మాకు అప్పగించేది. సాయంత్రం మళ్లీ చేత్తోనే పట్టుకెళ్లేది.

"పరుగు పందెంలో పెడదామండీ" అన్నాను. "వద్దండి మేస్టారూ, చెయ్యి వదిలితే పడిపోద్దండి. దెబ్బ తగిలినా ఎక్కడో చెప్పుకోలేదండి, ఆయ్" అంది. (అది నాకప్పుడు సాకులా వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.) చివరికి, చెయ్యి నేను పట్టుకుంటానంటే ఒప్పుకుంది. అలా రోజూ చంటమ్మ పరిగెత్తేది, నన్ను ఈడ్చుకుపోయేది. "చంటమ్మా, మెల్లగా పోవే! సారు పడిపోతారు!" అని మా బడి ఆయమ్మ అరిచేది.

పందెం రాజమండ్రిలో. యాభై మీటర్లు, ఎవరూ చెయ్యి పట్టుకోకూడదు. ఆ సంగతి బస్సెక్కాకే ఆవిడకి చెప్పాను (ముందే చెబితే రాదని నా తెలివి). ద్వారపూడి దాకా ఆవిడ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చుంది. తరవాత, "దాన్నడిగారా?" అంది. నేనడగలేదు. ఆవిడే అడిగింది. "అమ్మ అక్కడుంటే పరిగెడతా" అంది చంటమ్మ.

అందుకని ఆవిణ్ణి పందెం ముగిసే గీత అవతల, జనం రాకుండా కట్టిన తాడు వెనక నిలబెట్టాం. విజిల్ మోగింది. మిగతా ముగ్గురూ వెళ్లిపోయారు, మా పిల్ల కదల్లేదు. "చంటమ్మా, రాయే!" అని వాళ్లమ్మ చెయ్యి చాపింది. చంటమ్మ పరుగందుకుంది. సగం దూరంలో కాలు తడబడింది. అంతే, ఆవిడ ఆగలేకపోయింది. తాడు కింద నుంచి దూరి, చాపిన చెయ్యి చాపినట్టే ఎదురు పరిగెత్తింది. "అమ్మా, తప్పుకోండమ్మా!" అని జెండా పట్టుకున్నాయన కేకలు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి చంటమ్మ అమ్మని పక్కనుంచి దాటేసి, గీత దాటేసి, చప్పట్లు కొడుతోంది.

ఓదారుద్దామని వెళ్లాను. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. "చూశారా మేస్టారూ? నన్ను దాటేసిందండీ! నన్నే దాటేసిందండీ!" వచ్చింది నాలుగో స్థానమని (పరిగెత్తింది నలుగురే) ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేదు.

మర్నాటి నుంచి మిల్లు వదలగానే ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని మా గ్రౌండులో కూతురితో పరిగెత్తడం మొదలెట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు తల్లులొచ్చారు. నేను మెట్ల మీద కూర్చుని చూసేవాణ్ణి. అప్పటి పందెం ఫారంలో "శిక్షణ ఇచ్చినవారు" అన్నచోట నా పేరు గుండ్రంగా రాసుకుని, కింద గీత కూడా గీశాను. ఆ కాగితం ఇప్పుడు దొరికితే, అప్పటి నాలోని కుర్ర మేస్టారు ముచ్చటపడతాడని పేరు అలాగే ఉంచి, పక్కన ఆవిడ పేరు రాసి, గీత దాని కిందికి మార్చేద్దును.