వాలు అక్షరాల్లో మావయ్య

ఆ రోజుల్లో పరిశోధకుడి పరువంతా ఒక్క అంకె మీదే నిలబడేది (ఇప్పుడూ అంతే లెండి, కాకపోతే నాకు సిగ్గెయ్యడం ఇప్పుడిప్పుడే మొదలైంది). ఏం కనిపెట్టావని ఎవరూ అడగరు. ఎన్ని పేపర్లు వేశావు, ఎన్ని సైటేషన్లు వచ్చాయి, ఇవే ప్రశ్నలు. నేను పాలిమర్ల మీద పనిచేసేవాణ్ణి. అదేం బ్రహ్మవిద్య కాదు. చిన్న చిన్న అణువులు చేయీ చేయీ పట్టుకుని బారుగా నిలబడితే పాలిమరు. ప్లాస్టిక్కూ అదే, గంజీ అదే, బెండకాయ జిగురూ అదే. సైటేషన్ ఒకటి పెరిగిందంటే ఆ పూట టిఫిన్లో ఇడ్లీ కూడా ఒకటి పెరిగేది.

ఆ బెండ జిగురు నాకు దొరికింది ప్రయోగశాలలో కాదు, చోడవరం దగ్గర మా మేనమామ బెల్లం పాకలో. పెనంలో చెరకురసం మరిగేటప్పుడు మావయ్య బెండ కాడలు దంచి, నీళ్ళలో పిసికి, ఆ జిగురు పోసేవాడు. మడ్డంతా తెట్టుకట్టి పైకి తేలేది. దాన్ని తీసిపారేస్తే బెల్లం పచ్చగా మెరుస్తూ దిగేది. ముదురు కాడ మంచిదా లేత కాడ మంచిదా, ఎంత పొయ్యాలి, ఎప్పుడు పొయ్యాలి, అన్నీ వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. నేను ఆ జిగురు సీసాలో పట్టుకెళ్ళి, మురికినీళ్ళని తేర్చే పాలిమరంటూ పేపరు రాసేశాను. దానికి పదకొండు సైటేషన్లొచ్చాయి. ఉండబట్టలేక అమ్మకి ఫోన్లో చెప్పాను. అమ్మ మావయ్యకి చెప్పింది. మావయ్య ఊరందరికీ చెప్పాడు, “మా అల్లుడికి వైజాగులో పదకొండు సైట్లున్నాయి” అని. ఆ నెల్లోనే మాడుగుల నుంచి ఒక పెళ్ళిసంబంధం హల్వా డబ్బాతో సహా వచ్చింది. (హల్వా మిగిలింది, సంబంధం మిగల్లేదు.)

ఈ సైట్ల గోల తేల్చుకుందామని, అచ్చయిన పేపరు చేతపట్టుకుని పాకకి వెళ్ళాను.

“సైట్లు కాదు మావయ్యా, సైటేషన్లు. నేను రాసింది చదివి ఇంకొకరు వాళ్ళ పేపర్లో నా పేరు చెప్పడం.”

“ఓలమ్మో, అదేటి! మంచి పద్ధతేరా. ఎవులి కాడ నేర్సుకున్నామో ఆళ్ళ పేరు సెప్పుకోడం,” అని పేపరు అందుకుని, “మరి నా పేరెక్కడేసేవు? సూపించు,” అన్నాడు.

ఆ పేపరు చివర నలభై పేర్లున్నాయి. అందులో సగంమంది రాసినవి నేను చదవను కూడా లేదు. మావయ్య పేరు మాత్రం లేదు. బెల్లం వండే మనిషి పేరు పెడితే పెద్దవాళ్ళు నవ్విపోతారని భయపడి, “స్థానికంగా వాడుకలో ఉంది” అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశాను. వెయ్యలేదు మావయ్యా, తప్పయిపోయింది, అంటే సరిపోయేది. అనలేదు. ఆయనకి ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో నా వేలు తిన్నగా వెళ్ళి, వాలుగా అచ్చయిన రెండు మాటల మీద ఆగింది. “ఇదిగో, ఇదే.” అవి బెండమొక్క శాస్త్రీయనామం. మొక్కల పేర్లు అలా వాల్చి రాయడం మా ఆనవాయితీ.

“అన్నీ తిన్నగున్నాయి, నాదొక్కటే వాలిపోయిందేట్రా?”

“పెద్దవాళ్ళ పేర్లు అలాగే రాస్తారు మావయ్యా. గౌరవం.”

పాపం, నమ్మేశాడు. ఆ కాగితాన్ని బజారుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించి, పాకలో రాటకి తగిలించాడు. బెల్లం కోసం రోలుగుంట నుంచి వచ్చినవాడికీ, చెరకు దింపడానికొచ్చిన బండివాడికీ, “సూడు, వాలుగున్నాయే, అయి నాయి,” అని చూపించేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి. తర్వాత మావయ్య కొడుక్కి కె.కోటపాడు సంబంధం కుదిరి, కొత్త కోడలు వచ్చింది. ఆ పిల్ల చదివింది మరేదో కాదు, బోటనీ. (నా ఖర్మ కాకపోతే, బీకాం చదివిన ఆడపిల్లలే దొరకలేదా లోకంలో!) మావయ్య ఎంతో మురిపెంగా చూపిస్తే, “ఇది బెండకాయ పేరండీ మావయ్యగారూ,” అనేసిందట.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడు రాటకి కాగితం లేదు. మావయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టి, “ఒరే అల్లుడూ, పేరెయ్యకపోతే ఎయ్యకపోయేవు. బెండకాయిని సూపించి నానే అనీసేవేట్రా?” అని నవ్వాడు. పాకలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “ఈసారి పేపర్లో తప్పకుండా వేస్తాను మావయ్యా,” అన్నాను. “ఏద్దువులే బాబూ,” అన్నాడు.

వేశానా? లేదండీ. తర్వాతి పేపరుకి చోటు చాల్లేదన్నాను. దాని తర్వాతిది వేరే విషయం మీదన్నాను. ఆపైన, ఇప్పుడు పేరు పెడితే మొదటిసారి ఎందుకు పెట్టలేదని అడుగుతారన్న భయం పట్టుకుంది. అలా ఒక్కొక్క సాకూ వెతుక్కుంటూ ప్రొఫెసర్నయిపోయాను. ఈలోగా మావయ్య పోయాడు.

నిరుడు మళ్ళీ బెండ జిగురు మీదే ఒక పేపరు రాసి, ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఇంటిపేరుతో సహా రాశాను. పత్రిక వాళ్ళు ఆయన అంగీకారం కావాలన్నారు. మనిషి లేడని రాస్తే, ఇంట్లోవాళ్ళ సంతకమైనా చాలన్నారు. కాగితం పట్టుకుని ఆ బోటనీ కోడలి దగ్గరికే వెళ్ళాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, “ఆయనుండగా రాసుంటే, చదివి చెప్పమని రోజూ నా పేణం తీసేవోరండి,” అంది. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆ పేపరు అచ్చయి ఏడాది కావస్తోంది. సైటేషన్ ఒక్కటీ లేదు. సైటేషన్లదేముందని కొట్టిపారేసేంత వైరాగ్యం ఈ వయసులోనూ నాకు రాలేదండోయ్, రోజూ తెరిచి చూస్తూనే ఉన్నాను. పక్కగదిలో కుర్ర లెక్చరర్లు, “సారుకి ఇంకా ఆశ చావలేదు,” అనుకుని నవ్వుకుంటారు. అనుకోనీండి. ఎవరో ఒకరు దాన్ని ఉదహరించారంటే, మా మావయ్య పేరు కూడా చదివే ఉంటారు కదా.