పిల్లలకోడి పక్కన ఎర్ర చుక్క

ఒట్టు వెయ్యడానికి నాకు దేవుడు లేడు. పరువు మీద వేద్దామంటే అదీ పెద్దగా మిగల్లేదు. అయినా నమ్మండి... ఇది జరిగింది. నాకే జరిగింది.

అరవైల చివర. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. సాయంత్రాలు ఉపన్యాసాలు. దెయ్యాలు లేవు, జాతకాలు అబద్ధం, దేన్నైనా ప్రశ్నించండి... ఇదే నా పాట. నక్షత్రాల రంగు వాటి వేడిని బట్టే గాని మన గ్రహచారాన్ని బట్టి కాదని, మా ఊళ్లోని ఖరిదా పేటలో జరిగే సభలో రంగుల ఫొటోతో చూపిస్తానని మాటిచ్చాను.

ఆ ఫొటో తియ్యడానికి పొరుగింటి డేనియల్ మామ తోడొచ్చాడు. సిగ్నల్ దీపాలకు కిరసనాయిలు పోసి, వత్తులు కత్తిరించి రిటైరైన మనిషి. సర్వీసంతా ఒక్క తప్పుడు ఎరుపు చూపలేదని ఆయన గర్వం. అవసరం లేని ఎర్రదీపం రైలును ఆపేస్తుంది. దీపాలవాళ్లకు అంతకన్నా తలవంపు లేదు.

ఊరి బయట సాలువా దాటి పొలాల్లో కూర్చున్నాం. కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించాను. నక్షత్రం వెలుగు ఫిల్ము మీద ఒకేచోట పోగైతే తెల్లబడిపోతుంది. ఆకాశం తిరిగేకొద్దీ గీతలా జారనిస్తే అసలు రంగు నిలుస్తుంది. ఆ రాత్రి నాకు కావలసినవి కృత్తికలు. నీలం చుక్కల గుంపు. మామ వాటిని పిల్లలకోడి అనేవాడు.

"దెయ్యం నేదు, దేవుడు నేడంటావు కదా అల్లుడూ. మరి సలి ఉన్నాదా, అదీ నేదా?"

"ఉంది మామా. నీ పళ్ల చప్పుడే రుజువు."

నొక్కినంతసేపూ షట్టరును తెరిచి ఉంచే తీగ ఆయనకిచ్చాను. రెండు చేతులతో నొక్కి పట్టుకుని, ఒకటి, రెండు అని లెక్కపెట్టసాగాడు. ఎర్రగాజున్న చేతి లాంతరు ఒకటి అలవాటుకొద్దీ తెచ్చాడు. అది నా వెనక నేల మీద ఉంది. దాన్ని మేం వెలిగించనే లేదు.

లెక్క మూడొందలు దాటింది.

కిర్ర్...

లాంతరు పిడి. గాలి లేదు. గడ్డిపరక కదలడం లేదు.

కిర్ర్... కిర్ర్...

నెమ్మదిగా. డ్యూటీలో ఉన్న మనిషి ఊపినట్టు.

మామ లెక్క ఆపలేదు. గొంతు మాత్రం సన్నబడింది. నేను వెనక్కి తిరగలేకపోయాను. చెయ్యొక్కటే వెనక్కి చాచాను... వేళ్లకు గాజు తగిలింది.

వెచ్చగా ఉంది.

"మామా..."

"మాటాడకు. ఆరొందలవనీ."

ఇంటికెలా చేరామో గుర్తులేదు. దాని గురించి ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు.

బొంబాయిలో కడిగించిన స్లైడు సరిగ్గా సభ రోజునే వచ్చింది. వెలుతురుకు పట్టి చూశాను. నీలం గీతలున్నాయి. చాలనుకున్నాను. తెర మీద పడ్డాక చూశాను... గీతల పక్కన ఎర్రగా, గుండ్రంగా ఒక చుక్క. ఆకాశంలో అన్నీ జారాయి. అదొక్కటీ జారలేదు.

వెనక బెంచీ నుంచి ఒక కిరాణా వ్యాపారి లేచాడు. "నీలం బాగుంది దాదా. ఆ ఎర్రదేటి?"

తెలియదు అంటే సరిపోయేది. అనలేదు. ముందు వరసలో ఉన్న మామను చూపించి నవ్వాను.

"మా మామ పెద్దవాడైపోయాడు. మధ్యలో లాంతరు వెలిగించేశాడు."

హాలంతా గొల్లుమంది. "పింఛనొచ్చినా ఎర్రదీపం వదల్నేదా మామా!" అని ఎవరో అరిచారు.

నేల మీది దీపం ఆకాశంలోకి ఎలా వెళ్లిందని ఒక్కరూ అడగలేదు. ప్రశ్నించమని ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణి... ఆ పూట ఎవరూ ప్రశ్నించకూడదని లోలోపల మొక్కుకున్నాను.

మామ లేచి నా దగ్గరకొచ్చాడు. చేతులు చాచి ఒకసారి చూసుకున్నాడు.

"నా సేతులు రెండూ తీగ మీదే ఉన్నాయి కదా అల్లుడూ."

నాకొక్కడికే వినబడేలా అన్నాడు. వెళ్లిపోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఆయన్ని సమాధి చేసిన రోజున నేను శ్మశానం గేటు బయటే నిలబడ్డాను.

స్లైడు ఇంకా నా దగ్గరే ఉంది. ఫిల్ములో లోపం కావచ్చు. ఆ వెచ్చదనం నా భయమే కావచ్చు. కానీ ఆ కిర్రు... మామ కూడా విన్నాడా? లేక నేనొక్కణ్ణే విన్నానా? చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన్నే నేను నవ్వులపాలు చేశాను.