ఎలుకలను పరామర్శించిన మామ

మా మేనమామ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో మేస్త్రి. మిల్లులో ఎలుకలకు మందు పెట్టించేది ఆయనే. అలాంటి మనిషి కోదాడ దగ్గర మా ఫార్మసీ కాలేజీకి, నా ఎలుకలను చూడటానికి నాలుగు బత్తాయిలు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. రోగిని చూడటానికి ఉత్త చేతులతో పోకూడదట.

నా చదువు అలాంటిది మరి. ముందు ఎలుకలకు ఓ రసాయనం ఎక్కించి కాలేయం మచ్చలు కట్టి గట్టిపడేలా చేస్తాం. తర్వాత ఆరోగ్యంగా ఉన్న ఎలుకల రక్తం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుప్పచ్చ ద్రవాన్ని వేరుచేసి, జబ్బు చేసినవాటిలో సగానికి ఎక్కిస్తాం. మిగతా సగానికి ఉప్పునీరే. చెడగొట్టేదీ మేమే, బాగుచేయ చూసేదీ మేమే. ఇందుకు నాకు డిగ్రీ ఇస్తారు.

మామ కాలేయం మాత్రం ఆయన స్వయంకృషితోనే గట్టిపడింది. రోజూ మిల్లు బంద్ కాగానే తాగేవాడు. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి. సూర్యాపేటలో పెద్ద డాక్టరుకు చూపించుకోమంటే వినలేదు.

"నీ ఎలుకలకు తగ్గనీ బిడ్డా. గదే మందు నాకూ పొడువు. డెంగీకి ఎక్కిచ్చే ప్లేట్‌లెట్లే గద."

"అది మనుషులకింకా రాలేదు మామా. ఏండ్లు పడతది. నువ్వు దవాఖానకు పో."

"పోత తియ్యి. ముందు గీ ముచ్చట తేలనీ."

ఇగ ప్రతి ఆదివారం పరామర్శే. ఒకసారి నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఉప్పునీళ్ల ఎలుకల పంజరంలోకి బత్తాయి తొనలు ఒలిచి వేస్తున్నాడు. అరిచాను.

"మందంత గా పంజరాల వాటికే పొడుస్తివి. వీటికి ఉత్త నీళ్లాయె. రోగం అందరికీ ఒక్కటే గద బిడ్డా," అన్నాడు.

పంజరాలు కడిగే కోదాడ ఆవిడ కూడా ఆయన పక్షమే. "నిజమేనండీ, ఇవేం పాపం చేశాయి?" అంది. ఆ పంజరాన్ని పరీక్షలోంచి తీసేయాల్సి వచ్చింది. మా గైడు మేడమ్ నన్ను చెడామడా తిట్టింది.

ఆయన్ను రావద్దని చెప్పగలిగేదాన్నే. కానీ మా ఇంట్లో అందరూ "ఇంకెన్నాళ్లీ చదువు?" అనేవాళ్లే. ఏ ఎలుక తింటోంది, ఏది డీలాపడింది అని అడిగింది ఆయనొక్కడే. నాకది ఇష్టంగా ఉండేది. అందుకే, రావడం మానేస్తాడేమోనని డాక్టరు మాట గట్టిగా ఎత్తలేదు.

పరీక్ష ముగిసింది. ప్లేట్‌లెట్లు ఎక్కించినవాటిలో మచ్చలు కొంచెం తగ్గాయని చెప్పాను. మామ ముఖం వెలిగిపోయింది.

"ఏవి, సూపియ్. ఎట్ల ఉరుకుతున్నయో సూస్త."

గాజు పలక మీద అంటించిన సన్నటి ముక్కను చేతికిచ్చాను. "కోసి చూస్తేనే తెలుస్తది మామా. అన్నిటినీ కోసినం."

"బాగైనవాటిని గూడనా?"

"బాగైనవాటిని గూడ."

గాజు పలకను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "పద, సూర్యాపేట పోదాం," అన్నాడు.

డాక్టరు స్కాన్ చూసి ముఖం చిట్లించాడు. "ఇన్ని రోజులు ఏం జేసిండ్రు? జర ముందొస్తే మందులతోని ఆపుతుంటిమి గద."

మామ వెన్ను నిటారుగా పెట్టాడు. "ఊకెనే లేను సారూ. మా కోడలు కాడ వైద్యం నడుస్తుండె."

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఏం వైద్యం చేసినవమ్మా?"

మామ గర్వంగా నా ముఖంలోకి చూస్తున్నాడు.